నలగని నిమ్మకాయలు

మంగళవారం పదకొండు గంటలకు, రిపోర్టు చెబుతూ చెబుతూ చెన్నకేశవరావు "ప్రూవ్స్" అన్నాడు. పంకజాక్షి పెన్సిలు అక్కడే ఆగింది.

"ఏమ్మా, వేగంగా చెబుతున్నానా?"

"లేదు సార్, చెప్పండి."

వేగం సంగతి ఎవరికి చెబుతాడు! నిమిషానికి నూట ఇరవై మాటలు షార్ట్‌హ్యాండులో గీకి పారేసే మనిషి ఆమె. జవళి అంగడి శారదమ్మ కూతురు లారీ ఆఫీసులో టైపిస్టుగా చేరిందని బళ్లారి బజారంతా ముక్కున వేలేసుకుని రెండేళ్లయింది. ఆ వేళ్లు ఇంకా దిగలేదు, ఈమె ఉద్యోగమూ మానలేదు.

పెన్సిలు ఆగింది ఆ మాట దగ్గర. ఆ మాటను అలా వాడకూడదని ఆమెకు నేర్పింది సాక్షాత్తూ ఈ పెద్దమనిషే.

ఆయన మద్రాసు నుంచి వచ్చి మూడు నెలలయింది. ఏదో పెద్ద ఆఫీసులో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు ఉత్తరాలు దిద్ది రిటైరై, కంటోన్మెంటులో కూతురి ఇంట్లో ఉంటూ, ఊరికే కూర్చోలేక యశోదమ్మ లారీ ఆఫీసులో ఉత్తరాలు రాసే పనికి కుదిరాడు. వచ్చిన మొదటి వారమే పంకజాక్షి టైపు చేసిన కాగితాన్ని ఎర్రసిరాతో ముంచేశాడు. టైర్లు ఆలస్యంగా వచ్చాయి, దీనివల్ల మీ అశ్రద్ధ రుజువవుతోంది అని ఉంది అందులో.

"రుజువెక్కడయిందమ్మా? టైర్లు ఆలస్యంగా రావడం నువ్వు చూశావు. అశ్రద్ధను చూశావా? రైలు ఆగి ఉండొచ్చు, వాన పడి ఉండొచ్చు. ఇక్కడ 'సజెస్ట్స్' అని రాయి. ఇంకో దారి ఏదీ లేదని తేలినప్పుడే 'ప్రూవ్స్'."

ఆ రోజే మూడు మెట్ల బొమ్మ గీసి టైపు మిషన్ ఎదుట గోడకు అంటించాడు. కింది మెట్టు కళ్లతో చూసింది; దానికి 'అబ్జర్వ్'. నడిమి మెట్టు చూసినదాన్ని బట్టి అనుకున్నది. దానికి 'సజెస్ట్', 'ఇన్ఫర్'. పై మెట్టు తేలిపోయింది. దానికి 'ప్రూవ్', 'కన్‌క్లూడ్'. పక్కనే ఒక హెచ్చరిక కూడా రాశాడు. సూచించేది కాగితం, ఊహించేది చదివేవాడు. ఇంప్లై కాగితానిది, ఇన్ఫర్ మనిషిది. వాటిని తారుమారు చేసేవాడి చేతికి కలం ఇవ్వకూడదట. పంకజాక్షికి ఆ మెట్లు తెగ నచ్చాయి. ఇంట్లో వాళ్లమ్మ, "పక్కింటి సుందరమ్మ నన్ను చూసి మొగం తిప్పుకునింది, మనమంటే పడదు" అంటే, "మొగం తిప్పుకోవడం కింది మెట్టు, పడకపోవడం నడిమి మెట్టు" అని తగులుకునేది. శారదమ్మ ఆ మెట్లను, వాటిని కట్టినవాణ్ణి కలిపి తిట్టేది.

అంత నేర్పిన మనిషి ఇవాళ నడిమి మెట్టును తొక్కకుండానే పైకి దూకాడు. అదీ ఒక మనిషి బతుకు మీదుగా దూకాడు.

సంగతి ఇది. నిన్న సోమవారం, అమావాస్య. పొద్దున ఎనిమిదింటికి సండూరు దారిలో, ఇనుప రాయి లారీలను తూచే కాటా దగ్గర ఒక లారీ కాటా గదిని గుద్ది, వెనక్కి తీసుకుని, ఆగకుండా పోయింది. గోడ కూలి లోపలున్న గుమాస్తా హంపన్న కాలు విరిగింది. లారీ మొగం పసుపుపచ్చ, అంచు ఆకుపచ్చ అని చెప్పాడతను. అది యశోదమ్మ లారీల రంగు. నంబరు మాత్రం కనబడలేదట. అమావాస్య పూజ చేసిన బండి కదా, బంతిపూల దండ నంబరు పలక మీద పడి కప్పేసింది.

యశోదమ్మకు ఐదు లారీలు. తొమ్మిదింటికి కబురు అందగానే చెన్నకేశవరావు ఏ లారీనీ కదిలించవద్దని చెప్పి, పంకజాక్షిని వెంటబెట్టుకుని షెడ్డంతా తిరిగాడు. "కనబడినదల్లా రాసుకోమ్మా. పనికొచ్చేదేదో తర్వాత చూద్దాం" అన్నాడు. షెడ్డులో నాలుగు లారీలున్నాయి. అయిదోది మాధవ తోలుకునే కొత్త లారీ. అది ఆదివారం సాయంత్రమే రిపేరుకు పోయిందని మాధవే చెప్పాడు. మాధవ యశోదమ్మ తమ్ముడి కొడుకు, ఆఫీసు మేనేజరు.

నాలుగింటిలో వెంకటరామి తోలే లారీ బంపరుకు సొట్ట ఉంది. సొట్ట నిండా పచ్చి పసుపు పూసి ఉంది. చక్రాలకు చిటికెడు ఎర్ర దుమ్ము లేకుండా కడిగి ఉంది. పైగా ఆ పొద్దు మొదటి ట్రిప్పుకు పోవాల్సింది వెంకటరామే. ఇంకేం కావాలి? ఎనిమిదింటికి ఎక్కడున్నావంటే హోటల్లో ఒగ్గాని బజ్జి తింటున్నానన్నాడు. చూసినవాళ్లెవరంటే తెల్లమొగం వేశాడు. బండి కడిగావా అంటే కడిగినానన్నాడు. సొట్టకు పసుపు పూశావా అంటే పూసినానన్నాడు.

"నేరపు గుర్తులు చెరిపేయడానికే లారీని కడిగి, సొట్టను పసుపుతో కప్పాడని ఇది రుజువు చేస్తోంది" అని చెన్నకేశవరావు ఇంగ్లీషులో గంభీరంగా చెప్పి, కళ్లజోడు తుడుచుకున్నాడు. పంకజాక్షి ఆ మాటను రాసుకుంది. రాసుకోవడం ఆమె పని.

మాధవ గుమ్మంలోంచి తల పెట్టాడు. సఫారీ సూటు, చేతిలో తాళంచెవులు.

"అయిందా రావ్ సార్? గురువారం సాయంత్రం బస్సుకు ఇది గని ఆఫీసుకు పోవాల. లేకుంటే మన బండ్లన్నిటికీ గేటు బంద్ చేస్తామంటాండారు. ఒక కాపీ పోలీసోళ్లకు. అత్త సంతకం నేను పెట్టిస్తా."

"వెంకటరామన్న గతి ఏమవుతుంది?" అని పంకజాక్షి అడిగింది.

"ఏమయితాది? గేటు పాసు రద్దు, లైసెన్సు పాయె, కేసు. తప్పు చేసినోడు అనుభవించాల. సుమ్నె, నోరెత్తకుండా టైపు చెయ్యి పంకజా, నీకెందుకు?"

అన్నీ ఒక్క ఊపిరిలో అనేశాడు. యాభై రెండేళ్ల మనిషి స్టీరింగు వదిలితే ఏం పట్టుకుని బతుకుతాడో ఆ సఫారీ సూటుకు పట్టలేదు. పంకజాక్షికి ఒళ్లు మండింది.

బుధవారం పొద్దున ఆమె రిపోర్టు రెండో పేజీలో ఉండగా కిటికీ అవతల వెంకటరామి నిలబడ్డాడు. భుజాన తువ్వాలు లేదు. డ్రైవరు భుజాన తువ్వాలు లేకపోయేసరికి ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు.

"పంకజమ్మా, నా బండిలో దేవుని పటము, టవలు ఉండాయి. తెచ్చిస్తావా తల్లీ? నన్ను గేటు లోపలికి ఇడిసేది లేదంటాండారు."

ఆమె పోయి తెచ్చింది. పటానికి ఇంకా సోమవారం నాటి బంతిపూలు ఉన్నాయి. అతను పటాన్ని తువ్వాల్లో చుట్టుకుంటూ ఉంటే ఊరుకోలేక అడిగేసింది.

"ఆ సొట్ట ఎప్పటిదన్నా?"

"నువ్వే మర్చిపోతే ఎట్ల తల్లీ? పోయినేడు ఘాటులో రాయికి తగల్లేదా? ఇన్సూరెన్సోళ్లకు జాబు నువ్వే కొడితివి కదా మిషన్ల."

అవును. ఆమే కొట్టింది. ఫైల్లో కాపీ కూడా ఉంటుంది. పంకజాక్షి నాలిక కరుచుకుంది.

"మరి కడిగింది?"

"అమావాస్యకు కడగని బండి ఈ బళ్లారిల ఉంటాదా? బండ్లన్నీ కడిగినాము. బంపరుకు పసుపు, కుంకుమ అన్నిటికీ పెడితిమి. ఆ సారు అడిగినదానికి హౌదంటే హౌదంటిని. లేదని అబద్దం చెప్పాల్నా?"

"బండి కదిలించలేదని గట్టిగా చెప్పాల్సింది కదన్నా!"

"చెప్పినా. 'డినైస్' అని రాసుకునె. అంటే ఏందో!" అతను నవ్వబోయి ఆపుకున్నాడు. "ఏడు గంటలకు యశోదమ్మ వచ్చి, తన చేత్తో పూజ చేసి, చక్రాలకు నిమ్మకాయలు ఆనించి, ఏడున్నర నుంచి తొమ్మిది దాక రాహుకాలము, యా బండీ కదలకూడదని చెప్పిపాయె. అందరూ ఇండ్లకు పోయిరి, నేను ఒగ్గానికి పోయింటి. నా బండి కింద నిమ్మకాయలు అట్లనే ఉండె తల్లీ, గుండ్రంగా! బండి కదిలింటే పచ్చడి అయ్యేటివి కాదా? నేను తిరిగొచ్చేసరికి మాధవప్ప గేటులో నిలబెట్టి కీ గుంజుకునె. పదింటికి నా బండిని ఇంకోడు తోలుకపాయె. ఇప్పుడు ఆ నిమ్మకాయలు యాడ తెచ్చి చూపియ్యాల నేను?"

"యశోదమ్మకు ఇదంతా చెప్పకపోయినావా?"

"పోయింటి. ఆయమ్మ నా మొగం చూడకుండా లోపలికి పాయె. ఇంగ్లీషుల రుజువైపాయెనంట కదా. ఇంగ్లీషు ముందర నా మాట యాడ నిలుస్తాది?" అతను పటాన్ని చంకలో పెట్టుకున్నాడు. "పద్దెనిమిదేండ్లు తల్లీ. ఒక కోడిని తొక్కలే."

అతను పోయాక పంకజాక్షి కుర్చీలో కూర్చోలేదు. నిలబడే షార్ట్‌హ్యాండు పుస్తకం తెరిచి సోమవారం పేజీలు తిప్పింది. నిమ్మకాయలు. సార్ ఏదో అన్నాడు వాటి గురించి. తను రాసింది కూడా. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు చక్రం కింద నిమ్మకాయను పట్టించుకుంటారా? గుమ్మానికి తోరణం ఉందని ఎవరైనా లెక్కపెడతారా? చెయ్యి రాసుకుపోయింది, బుర్ర వినలేదు.

దొరికింది. తన గీతలే, తన చేతి వాటమే. ఒకటో లారీ: ప్రతి చక్రం ముందర ఒక నిమ్మకాయ, నాలుగు, నలగనివి. రెండో లారీ: అదే. మూడోది వెంకటరామి లారీ: నాలుగు, నలగనివి. నాలుగోది: అదే. ఆ పక్కన సార్ మాట కూడా ఉంది: పళ్లు, విషయానికి సంబంధం లేదు. వదిలేయి.

ఆమె ఒక్క గంతు వేసింది. అంతలోనే కింది వరుస కంటబడింది. అయిదో స్థలం: లారీ లేదు. నేల మీద నిమ్మకాయలు నాలుగు, నలిగినవి. తడి ఆరలేదు.

ఆదివారం సాయంత్రమే పోయిన లారీ, సోమవారం పొద్దున పెట్టిన నిమ్మకాయలను ఎలా తొక్కింది?

పంకజాక్షి పుస్తకం మూసి దాని మీద చెయ్యి పెట్టుకుంది. మనసు అప్పుడే పోలీస్ స్టేషన్ దాకా పరుగెత్తింది. ఎదుట గోడ మీద మూడు మెట్లు కనబడ్డాయి. "నడిమి మెట్టు, నడిమి మెట్టు" అని తనకు తానే గదమాయించుకుంది. మాధవను కాటా దగ్గర ఎవరూ చూడలేదు. నిమ్మకాయలు నలిగాయి, అంతే. కానీ వెంకటరామి సంగతి వేరు. నలగని నిమ్మకాయలకు ఇంకో దారి ఏముంది?

మధ్యాహ్నం చెన్నకేశవరావు అన్నం తిని వచ్చి కూర్చోగానే, ఆమె సగం టైపయిన రిపోర్టు, షార్ట్‌హ్యాండు పుస్తకం, పోయినేటి ఇన్సూరెన్సు ఉత్తరం కాపీ ఆయన ముందు వరుసగా పెట్టింది.

"ఏమిటిది?"

"ఇందులో 'ప్రూవ్స్' అని మూడుసార్లుంది సార్. మూడూ ఏ మెట్టువో చెప్పండి. నేను తర్వాత టైపు చేస్తాను."

ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు. "నాకు నేర్పుతున్నావా?"

"మీరు నేర్పిందే సార్. గోడకు అంటించారు కదా."

"పంకజాక్షీ!"

"కడిగిన లారీలు నాలుగు. మీరు రాసింది ఒక్కటి. పసుపు నాలుగింటికీ పూశారు, రాసింది ఒక్కటి. సొట్ట పోయినేటిది, ఇదిగో ఉత్తరం, కింద తేదీ ఉంది. అమావాస్యకు బండి కడగడం ఇక్కడ నేరం చేసినవాడి పని కాదు సార్, బండి ఉన్న ప్రతివాడి పని. కడగకపోతేనే ఎందుకు కడగలేదని అడుగుతారు."

"ఈ సంగతి నాకెవరు చెప్పారు?"

"మీరు ఎవరినీ అడగలేదు."

ఆయన మొగం కందగడ్డయింది. ముప్పై ఏళ్లు ఎదుటివాళ్ల కాగితాలు దిద్దిన చెయ్యి, తన కాగితం మీద ఏం చేయాలో తెలియక బల్ల మీద దరువు వేసింది. పంకజాక్షి తగ్గలేదు. పుస్తకం తెరిచి నిమ్మకాయల వరుసలు చదివింది. అవి ఎందుకో, ఎలా పెడతారో చెప్పింది. చక్రానికి ముందువైపు ఆనించి పెడతారనీ, బండి జానెడు కదిలినా నలగాల్సిందేననీ, అలా నలిగితేనే దిష్టి పోయినట్టనీ చెప్పింది. వెంకటరామి చెప్పిన పూజ వేళ కూడా చెప్పింది.

"అతను ముద్దాయి. ముద్దాయి చెప్పిన వేళ పట్టుకుని రిపోర్టు రాస్తామా?" అని ఆయన లేచాడు. "నాకు తలనొప్పిగా ఉంది. రేపు చూద్దాం." గొడుగు తీసుకుని మూడింటికే ఇంటికి వెళ్లిపోయాడు. గొడుగు మరిచిపోలేదు కానీ కళ్లజోడు పెట్టె మరిచిపోయాడు.

సాయంత్రం మాధవ వచ్చి రిపోర్టు ఏదన్నాడు. సార్ దిద్దుతున్నారని చెప్పింది. "దిద్దేది ఏముంది అందుల? నువ్వేమన్నా తిక్క తిక్కగా చెప్పినావా ఆయప్పకు? చూడు పంకజా, ఉద్యోగం చేసే ఆడపిల్లకు ఎంత నోరుండాలో అంతే ఉండాల." ఆమె మిషన్ మీద గుడ్డ కప్పి, "నేను టైపు మాత్రమే చేస్తాను మాధవా, నోటితో కాదు, వేళ్లతో" అని చెప్పి ఇంటికి పోయింది. ఆ మాట అన్నందుకు దారి పొడుగునా కించిత్తు కూడా విచారపడలేదు.

గురువారం తొమ్మిదింటికి ఆమె వచ్చేసరికి చెన్నకేశవరావు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. బల్ల మీద పాత రిపోర్టు ఉంది. దాన్ని ఎర్రసిరాతో ముంచేశాడు. మూడు 'ప్రూవ్స్'నూ అడ్డంగా కొట్టేసి, ఒక్కో దాని పక్కన "ఎవరు చూశారు?" అని తన మీద తనే విసుక్కున్నట్టు రాసుకున్నాడు.

"కూర్చోమ్మా" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "నిన్న సాయంత్రం మా అమ్మాయిని అడిగాను. వాళ్ల స్కూటరు కింద కూడా పెడతారట నిమ్మకాయ. మూడు నెలలుగా ఆ ఇంట్లోనే ఉంటున్నాను నేను. ఒక్క రోజు కనబడలేదు." ఎర్రసిరా కలానికి మూత పెట్టాడు. "ముప్పై ఏళ్లలో ఇంత సిగ్గుమాలిన డ్రాఫ్టు నేను దిద్దలేదు. సరే, మళ్లీ రాద్దాం. వెంకటరామి కాదని తేలింది. మాధవ అబద్ధం చెప్పాడు, కాబట్టి అతనే అని..."

"వద్దు సార్."

"ఏం?"

"ఏ మెట్టు సార్ అది?"

ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వు పంకజాక్షి మొదటిసారి విన్నది. "నిజమే. నిమ్మకాయలు ఎన్ని గంటలకు పెట్టారో మన కాగితం మీద ఎవరూ చెప్పలేదు. అదొక్కటి లేకపోతే వెంకటరామి కూడా బయటపడడు. యశోదమ్మగారినే అడగాలి. కానీ ఆమె యజమానురాలు. నేను జీతగాణ్ణి. మీ మేనల్లుడి సంగతి చెప్పండని ఏ మొహంతో ప్రశ్నలు వేయను?"

"వేయొద్దు. చూసినవి వరుసగా రాద్దాం. తెలియనిచోట తెలియదని రాద్దాం. సంతకం పెట్టే ముందు నేను ఆమెకు తెలుగులో చదివి చెబుతాను. ఆయమ్మ సంగతి మీకు తెలియదు సార్. తెలిసిన సంగతిని ఎవరైనా తెలియదంటే నిమిషం ఊరుకోదు."

చెన్నకేశవరావు గోడ మీద కాగితం వైపు చూశాడు. "సూచించేది కాగితం" అని గొణుక్కుని చెప్పడం మొదలుపెట్టాడు. పన్నెండింటికల్లా ఒకటిన్నర పేజీ అయింది. అందులో ఒక్క పెద్ద మాట లేదు.

యశోదమ్మ పన్నెండున్నరకు వచ్చింది. దేశనూరులో వరిమళ్లు, ఇక్కడ లారీలు, రెండూ తన గుప్పిట్లో పెట్టుకున్న మనిషి. చదువు తెలుగులో సంతకం వరకే. కుర్చీలో కూర్చుని, కొంగుతో మొగం తుడుచుకుని, "ఏదప్పా కాగితం" అని చెయ్యి చాచింది. మాధవ కాగితం చివరి పేజీ తిప్పి, సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టాడు. ఎప్పుడూ అలాగే చేస్తాడు.

"చదివి చెబుతానమ్మా" అంది పంకజాక్షి.

"టైము లేదు పంకజా, బస్సుకు పోవాల" అన్నాడు మాధవ.

"బస్సు అయిదింటికి కదప్పా. చదవనీ." యశోదమ్మ నవ్వింది. "నా పేరు మీద ఏమేమి ఇంగ్లీషు పోతాందో నేనూ రవ్వంత వినద్దా?"

పంకజాక్షి నిలబడి చదివింది. ఒక వాక్యం ఇంగ్లీషు, వెంటనే తెలుగు. హంపన్న చూసింది చదివింది. లారీలు కడిగి ఉన్న సంగతి, నాలుగు బంపర్లకూ పసుపు ఉన్న సంగతి, సొట్ట పోయినేటిదని ఫైలులో ఉత్తరం ఉన్న సంగతి చదివింది. యశోదమ్మ తల ఊపుతూ వింటోంది. మాధవ తాళంచెవులు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు.

"సోమవారం తొమ్మిదీ పావుకు ఒకటి, రెండు, మూడు, నాలుగు లారీల చక్రాల ముందర నిమ్మకాయలు ఉన్నాయి. నలగలేదు. మూడోది వెంకటరామి లారీ."

"హౌదా?" యశోదమ్మ తల ఊపడం ఆపింది. "వెంకటరామి బండి కింద నలగలేదా? ఎవురు చూసినారు?"

"నేను చూశానమ్మా" అన్నాడు చెన్నకేశవరావు. "చూసి, అవేమిటో తెలియక వదిలేశాను. తప్పు నాది."

పంకజాక్షి ఆగకుండా చదివింది. "నిమ్మకాయలు ఎవరు పెట్టారో, ఎన్ని గంటలకు పెట్టారో తెలియదు."

"తెలియదేంది?" యశోదమ్మ చేత్తో బల్ల మీద కొట్టింది. "నేనే పెట్టినా. నా చేత్తో నేను పెట్టినా! ఏడు గంటలకు మొదలుపెట్టి, ఏడుంబావుకు అయిదు బండ్లకూ పెట్టి ఇంటికి పోతిని. రాసుకో. నన్నడగకుండా తెలియదని ఎట్ల రాస్తారు?"

"అయిదింటికా అమ్మా?"

"అయిదు బండ్లుంటే అయిదింటికి పెట్టక నాలుగింటికి పెడతానా?"

పంకజాక్షి కాగితం మీదికి చూపు దించుకుని తర్వాతి వాక్యం చదివింది. "అయిదో లారీ ఆదివారం సాయంత్రమే రిపేరుకు పోయిందని మేనేజరు మాధవ చెప్పారు. అయిదో స్థలంలో నాలుగు నిమ్మకాయలు నలిగి ఉన్నాయి. తడి ఆరలేదు." పేజీ తిప్పింది. "ఇంతకుమించి ఎంక్వయిరీలో ఏమీ తేలలేదు."

బయట ఎవరో డ్రమ్ములోంచి డీజిల్ పోస్తున్న చప్పుడు వినబడుతోంది.

యశోదమ్మ మేనల్లుడి వైపు చూడలేదు. కాగితం తీసుకుని, చదవడం వచ్చినట్టు ఆ గీతల మీద వేలు పెట్టి మెల్లగా నడిపింది. ఆ పిల్లవాణ్ణి దేశనూరు నుంచి తెచ్చి, చదివించి, ఈ కుర్చీలో కూర్చోబెట్టింది ఆమే. వేలు చివరి దాకా పోయి ఆగింది.

"మాధవా."

"అత్తా."

"నిమ్మకాయలు ఎవురప్పా తొక్కింది?"

"అత్తా, ఈమె కావాలనే..."

"ఆ పిల్ల ఏమీ అనల్యా. నీ పేరు మీద ఒక్క మాట చెడ్డగా రాయల్యా. నేను అడుగుతాండా. నేను నిమ్మకాయ పెట్టినప్పుడు నీ బండి ఆడనే ఉండె. నువ్వు ముందర నిలబడి దండ కడుతాంటివి."

మాధవ తాళంచెవులు బల్ల మీద పెట్టాడు. అవి జారి కింద పడ్డాయి, తీసుకోలేదు.

"రాహుకాలం గీహుకాలం అని రెండు గంటలు ఎవరు కూర్చుంటారని తీసినా. బ్రేకు పట్టలేదత్తా."

"ఆయప్ప కాలు విరిగింది చూసినావా?"

"...చూసినా."

"చూసి వచ్చేస్తివి." ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. "బ్రేకు పట్టకపోయేది ఎవురికైనా అయితాది. వచ్చేస్తివి చూడు. వచ్చి, పద్దెనిమిదేండ్లు మన ఉప్పు తిన్నోని కీ గుంజుకుంటివి. నేను వాని మొగం చూడకుండా లోపలికి పోతిని కదరా, నిన్ను నమ్మి!" కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. "ఆస్పత్రికి పోదాం లే, ముందర హంపన్న కాడికి. ఆన్నించి స్టేషనుకు. వకీలును నేను పెడతా, నువ్వు నా తమ్ముని కొడుకువి. అబద్దం మాత్రం నా సంతకం మీద పోదు."

గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది. "పంకజా, తెలియదు అన్న చోట నా పేరు, గంట రాయి. వీడు చెప్పింది కూడా రాయి. రాసి మళ్లా చదువు నాకు. ఇంగమీద నా పేరు మీద పొయ్యే ప్రతి కాగితమూ చదువుతావు."

అయిదింటి బస్సుకు రిపోర్టు వెళ్లింది. చెన్నకేశవరావు చివరి వాక్యం తను చెప్పలేదు. "నువ్వే రాయమ్మా, ఆ మాట ఇప్పుడు వాడొచ్చు" అని బయటికి వెళ్లి వరండాలో నిలబడ్డాడు. పంకజాక్షి వెంకటరామి లారీ ఆ ఉదయం కదలలేదని రుజువైందని టైపు చేసి, ఆ మాట మీద అక్షరాలు బాగా పడ్డాయో లేదో కాగితం ఎత్తి చూసుకుంది.

శుక్రవారం పొద్దున ఏడింటికి షెడ్డులో వెంకటరామి లారీ కడిగి నిలబడి ఉంది. అమావాస్య కాదు, ఏమీ కాదు. దిష్టి తీయాలని యశోదమ్మే పట్టుబట్టింది. చక్రాల ముందర నాలుగు నిమ్మకాయలు తనే ఆనించి, నడుం పట్టుకుని లేచి, తాళంచెవి అతని చేతిలో పెట్టింది. "నన్ను తిట్టుకునింటావు" అంది.

"లేదమ్మా" అన్నాడు వెంకటరామి. తర్వాత, "రవ్వంత తిట్టుకుంటి" అన్నాడు.

"ఇంకా తిట్టుకోవాల్సింది. తియ్యి బండి."

లారీ ముందుకు కదిలింది. నిమ్మకాయలు పటపటా నలిగి పుల్లని వాసన వచ్చింది. లారీ గేటు దాటిందో లేదో, చెన్నకేశవరావు ప్యాంటు మోకాళ్ల మీదికి లాక్కుని, నేల మీదికి వంగి, ఒక్కో నిమ్మకాయనూ దగ్గరగా చూశాడు.

"రాసుకోమ్మా. నిమ్మకాయలు నాలుగు. నలిగినవి."

పంకజాక్షి పుస్తకం తెరిచింది. "ఎవరు పెట్టారు సార్?"

"యశోదమ్మగారు. ఏడూ పదికి." ఆయన మోకాళ్లు దులుపుకుంటూ లేచాడు. "నేను చూశాను."